క్లారీ గేటు కరుస్తుంది

మంగారువా వాగు ఒడ్డున, మట్టిరోడ్డు ఆగిపోయే చోట ఒక ఇనపగేటు ఉంది. రాత్రిపూట... అందులోనూ వాన రాత్రి... ఆ గేటు మీద చెయ్యి వేసే మగాడు మా వైకాటో జిల్లా మొత్తంలో లేడు. ఆడవాళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

క్లారీ ట్విస్ అనే పాడిరైతు ఆ గేటు మీద చెయ్యి వేసే పోయాడు. డెబ్భై ఏడు జూన్‌లో. తెల్లారి చూస్తే గేటుకి ఆనుకుని నిలబడే ఉన్నాడట — నెత్తిమీద టోపీ కూడా జారలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

“గుండె కాదు, వెన్న,” అంది ఆయన భార్య థెల్మా. పూటకి పావుకేజీ తినేవాడు మరి.

ఊళ్ళోవాళ్ళకి ఈ రెండు కారణాలూ నచ్చలేదు. నిలబడి చచ్చిన మనిషి అంత తేలిగ్గా వెళ్ళిపోడని వాళ్ళ నమ్మకం. అందులోనూ క్లారీ! బతికున్నప్పుడే ఆ గేటు దగ్గరికి ఎవరొచ్చినా కుక్కని ఉసిగొల్పేవాడు. కుక్క లేకపోతే తనే మొరిగేవాడు.

అంత్యక్రియలైన నెలకే పాస్టరు గారూ, చుట్టుపక్కల నలుగురూ కూర్చుని, వాగు పక్కన ఒంటరి ఆడది ఉండకూడదని తీర్మానించి, థెల్మాని టౌరంగాలో ఉన్న చెల్లెలు ఐరిస్ ఇంటికి పంపేశారు. ఇంటికి తాళం పడింది. కరెంటు కూడా తీయించేశారని చెప్పుకున్నారు.

ఆ తర్వాతే... గేటు కొట్టడం మొదలెట్టింది.

మొదటి దెబ్బ పాస్టరు గారికే తగిలింది. చినుకులు పడుతున్న ఓ సాయంత్రం, ఇంటి పైకప్పు ఎలా ఉందో చూసొద్దామని వెళ్ళి గేటు పట్టుకున్నాడు. మోచేతి మీద ఎవరో గొడ్డలి వెనకవైపుతో కొట్టినట్టయిందట. ఆ క్షణంలో ఆయన నోట్లోంచి వచ్చిన మాట బైబిల్లో లేదు. తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు. ఆ తర్వాత పెళ్ళివిందు నుంచి తాగి వస్తున్న కుర్రాడు — కొత్త సూటు, కొత్త బూట్లు — కడుపునిండా బీరు మోయలేక ఆ గేటు స్తంభం దగ్గర భారం దించుకోబోయాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో వాడు డాక్టరుకి కూడా చూపించలేదు. రెండు వారాలు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు.

చిత్రమేమిటంటే, రబ్బరు బూట్లేసుకుని ఈల్ చేపలు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని ఆ గేటు పెద్దగా ఏమీ అనలేదు. తోలు బూట్లవాళ్ళనే కొట్టింది.

“క్లారీయే,” అన్నారు అందరూ. “టై కట్టుకున్నవాడంటే వాడికి ఎప్పుడూ పడదు.”

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ. వసంతం వస్తే పొలం పొలం తిరిగి ఆవులకి చూలు కట్టించడం నా పని. ఎద్దు ఉద్యోగమే — ఎద్దుకి దక్కే సంతోషం ఒక్కటి తీసేస్తే మిగతా చాకిరీ అంతా నాదే. చెయ్యి భుజందాకా ఆవు లోపల ఉన్నప్పుడు మనిషి ఎక్కడికీ పారిపోలేడు గనక, రైతులు తమ కష్టాలన్నీ ఆ సమయంలోనే నాకు చెప్తారు. ఈ కథ కూడా అలా విన్నదే. చెప్పింది నోలీన్ రాపానా.

నోలీన్‌కి అప్పట్లో ముప్ఫై అయిదుంటాయి. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. మొగుడు మూడు నెలలు గొర్రెల బొచ్చు కత్తిరించి వస్తానని ఆస్ట్రేలియా వెళ్ళి నాలుగేళ్ళయింది. ఆ గొర్రెలకి ఇంకా ఎంత బొచ్చు మిగిలిందో మరి. తను మాత్రం తొంభై రెండు ఆవులతో, బాస్ అనే కుక్కతో ఒంటిచేత్తో నెగ్గుకొస్తోంది. ఆమెకి ఉన్నదల్లా ఆ మందే. నేల సొంతం కాదు, ఇల్లు సొంతం కాదు. ఆ మందలో సగం ఆవులు క్లారీ పోయాక అమ్మకానికి వస్తే కొన్నవి.

డెబ్భై తొమ్మిదిలో, చలికాలం ముందు, వాగు పక్కన ఉన్న క్లారీ లంకని లాయరు ద్వారా కౌలుకి తీసుకుంది. మోకాలెత్తు పచ్చిక. మొదటి రోజే మందని ఆ గేటులోంచి తోలబోతే — పదడుగుల ముందే ఆగిపోయాయి. ముక్కులు నేలకి ఆనించి, కళ్ళు పెద్దవి చేసి... ఒక్కటీ అడుగు వెయ్యలేదు.

దాంతో ఆమె ఆ గేటు జోలికి పోవడం మానేసింది. లంకకి ఇంకో దారి ఉంది — కింద తూము మీదుగా, అరగంట చుట్టు. అలాగే తోలుకునేది.

“నీకు భయం లేదా?” అని అడిగాడు పక్క పొలం డెస్ హగెట్. అరవై ఏళ్ళ మనిషి. దెయ్యం కథ ఎవరు మొదలెట్టినా ముగించేది తనే.

“మా అమ్మమ్మ చెప్పింది,” అంది నోలీన్. “వండిన తిండి ఏదైనా ఒంటి మీద ఉంటే కేహువా దగ్గరికి రాదు.” కేహువా అంటే వాళ్ళ మావోరీల మాటలో దెయ్యమే. “జేబులో ఎప్పుడూ ఉడికించిన చిలగడదుంప ఉంటుంది నాకు.”

“దుంపకి భయపడే రకం కాదు క్లారీ,” అన్నాడు డెస్. “ఉప్పేసుకుని తినేస్తాడు.”

జులై వచ్చింది — మా వైపు అది నడి చలికాలం. మూడు రోజులు ఆగకుండా వాన. ఆవులన్నీ నెలలు నిండి, పొట్టలు నేలకి తాకేలా ఉన్నాయి — ఆ పొట్టల్లో చాలావరకు నా చేతి పనే. లంకలో మిగిలిన కాస్త పచ్చిక తినేశాక ఆ శనివారం మెరకకి తోలుకుందాం అనుకుంది నోలీన్.

శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో కాల్స్ కలిపే వెరా.

“నోలీన్, పైన గట్టు తెగింది. నీ ఆవులు లంకలోనే ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“అయితే ఇంకా ఫోను పట్టుకుని ఉన్నావేంటి? పరిగెత్తు. డెస్‌కి కూడా చెప్తాను.”

రబ్బరు బూట్లు, వానకోటు, టార్చి, బాస్... దుంప కూడా. అరగంటలో తూము దగ్గరికి చేరింది.

తూము లేదు. ఉండాల్సిన చోట నల్లటి నీళ్ళు పరుగు తీస్తున్నాయి.

ఇంక మిగిలింది ఒకే దారి.

పై గట్టు మీదుగా పడుతూ లేస్తూ గేటు దగ్గరికొచ్చింది. చేత్తో ముట్టుకోలేదు, అంత ధైర్యం ఆమెకీ లేదు. కర్రతో గడియ తోసి, కర్రతోనే గేటు బార్లా తెరిచింది. ఏమీ కాలేదు. లంకలోకి దిగి, అరిచి, ఈల వేసి, తొంభై రెంటినీ పోగేసి గేటు దాకా తెచ్చింది. అప్పటికే లంక సగం మునిగింది. వెనక ఆవుల కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి.

ముందున్నది డచెస్. క్లారీ మందలోని ముసలి ఆవు. అదెటు పోతే అన్నీ అటు.

డచెస్ ఆగిపోయింది.

పదడుగుల ముందు... అదే చోట. ముక్కు నేలకి ఆనించింది. ఒక్కసారి ఒళ్ళంతా జలదరించి వెనక్కి నెట్టింది. దాని వెనక మందంతా వెనక్కి — నీళ్ళలోకి.

“నడవవే! నడు!” నోలీన్ అరిచింది, వీపు మీద చరిచింది, తోక మెలిపెట్టింది. కదల్లేదు. కళ్ళు మాత్రం గేటు మీదే... ఎవరో అక్కడ నిలబడి ఉన్నట్టు.

“బాస్! పో!”

బాస్ గేటులోకి దూకింది. నట్టనడుమ — కెవ్వుమని గాల్లోకి ఎగిరి, అటువైపు పడి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని చీకట్లోకి మాయమైంది.

నోలీన్ చుట్టూ చూసింది. వాన. వాగు హోరు. గుట్ట మీద, సైప్రస్ చెట్ల దడి వెనక, క్లారీ ఇల్లు చీకట్లో ఒక నల్ల ముద్దలా ఉంది.

తనే ముందు నడిచి చూపిద్దామని గేటులోకి వెళ్ళింది. బురదలో కాలు జారింది. రెండు చేతులూ, రెండు మోకాళ్ళూ నేలకి ఆన్చి పడింది —

ఠప్!

భుజాల దాకా ఎవరో ఝాడించి కొట్టినట్టు. లేవబోయింది.

ఠప్!

మళ్ళీ మోచేతుల మీద. పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

ఠప్!

పాకుతూ, దొర్లుతూ బయటపడి గట్టు మీద కూలబడింది. ‘క్లారీ... నీ ఆవులే క్లారీ... సగం నీవే...’ అని గొణుక్కుంది. దుంప తీసి చేత్తో పట్టుకుంది.

అలా కూర్చుని ఉండగా వినిపించింది.

టిక్... టిక్... టిక్...

గేటు స్తంభం మొదట్లోంచి. టిక్కుమన్నప్పుడల్లా, బురదలో అగ్గిపుల్ల తలంత నీలం మెరుపు.

నోలీన్ లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... సెకనుకి ఒకటి. తప్పడం లేదు, తొందరపడటం లేదు.

దెయ్యానికి గడియారంతో పనేంటి?

భయం పోలేదు గానీ, దాని పక్కన కోపం కూడా వచ్చి కూర్చుంది. ఆమె పాడిరైతు. కరెంటు కంచె గురించి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. కంచె పెట్టె గోడలోంచి కరెంటు పీల్చి, గుక్క పట్టి, సెకనుకోసారి తీగలోకి ఉమ్ముతుంది. వేల వోల్టుల దెబ్బే. కానీ రెప్పపాటులో వెయ్యోవంతు సేపు కూడా ఉండదు. అందుకే అది చంపదు, బుద్ధి చెప్తుంది. తీగలోంచి ఆవులోకి, ఆవు కాళ్ళలోంచి నేలలోకి, నేలలోంచి ఇంటి దగ్గర పాతిన ఇనపకడ్డీకి, కడ్డీ నుంచి మళ్ళీ పెట్టెకి... ఆ చుట్టు పూర్తయితేనే దెబ్బ. మధ్యలో రబ్బరు అడ్డం వస్తే చుట్టు పూర్తికాదు. తోలు, అందులోనూ తడిసిన తోలు, హాయిగా దారిస్తుంది.

పాస్టరు గారి తోలు బూట్లు. పెళ్ళికొచ్చిన కుర్రాడి కొత్త బూట్లు. ఇప్పుడు తన వట్టి చేతులు. ఆవులకి అసలు బూట్లే లేవు.

గేటు కింద నేలలో పాతిన తీగకి ఎక్కడో తొడుగు చిరిగింది. వానకి తడిసిన బురదంతా దెబ్బలు మింగి కక్కుతోంది. ముందు కాళ్ళు ఒకచోట, వెనక కాళ్ళు ఇంకోచోట ఉన్న జంతువు దాని మీద నిలబడితే ఒళ్ళంతా కుదిపేస్తుంది. అందుకే ఆగిపోయాయి. ఆవులకి పిచ్చి లేదు. వాటికి తెలిసినంత మనకి తెలియలేదు, అంతే.

అంతవరకు బాగానే ఉంది. కానీ...

రెండేళ్ళుగా కరెంటు లేని ఇంట్లోంచి కరెంటు ఎలా వస్తోంది?

వెనక ఆవులు అరుస్తున్నాయి. నీళ్ళు వాటి పొట్టల కిందకి వచ్చేశాయి. ఆలోచించే తీరిక లేదు. నోలీన్ టార్చి వెలుగు స్తంభం మీదకి తిప్పింది. గడ్డిలో దాక్కుని ఒక సన్నతీగ గుట్ట మీదకి పోతోంది. దాని వెంటే పరిగెత్తింది.

దడి దాటింది. ఇంటి వెనక, బట్టలుతికే గది. తీగ ఆ గది కిటికీలోంచి లోపలికి దూరింది.

తలుపు... తాళం లేదు. నెడితే చప్పుడు లేకుండా తెరుచుకుంది. రెండేళ్ళుగా తియ్యని తలుపు బందులు కిర్రుమనాలి కదా. ఎవరో నూనె వేసినట్టు...

లోపల చీకటి. గోడ మీద ఎర్రదీపం ఒకటి వెలిగి ఆరుతోంది. టిక్... టిక్... టిక్...

సబ్బు వాసన కూడా వస్తోంది.

అయినా ఒక్కొక్క అడుగే వేసి, గోడ తడుముకుంటూ ప్లగ్గు కోసం చెయ్యి చాపింది. వేళ్ళు ప్లగ్గుకి తగిలాయి...

వెనకనించి, చెవి పక్కనే, ఒక గొంతు —

“బూట్లు విప్పు. గచ్చు ఇప్పుడే తుడిచాను.”

నోలీన్ కెవ్వుమంది. గిర్రున తిరిగింది. తలుపులో తెల్లగా, పొడుగ్గా, జుట్టు విరబోసుకున్న ఆకారం. చేతిలో ఉన్న దుంపని ఉన్న బలమంతా పెట్టి విసిరింది.

“అమ్మో! ఏంటే ఇది? రాయి పెట్టి కొడతావా?”

“దుంప...”

“దుంపా?” ఆకారం వంగి నేల మీద వెతికింది. “ఉడికిందే. తినేదాన్ని ఇలా పారేస్తారా ఎవరైనా?” ఎక్కడో స్విచ్చు నొక్కిన చప్పుడు. బల్బు వెలిగింది.

థెల్మా ట్విస్. రాత్రి తొడుక్కునే తెల్లగౌనులో, క్లారీ రబ్బరు బూట్లలో, నుదుటి మీద దుంప గుజ్జుతో.

“థెల్మా గారూ... మీరు టౌరంగాలో కదా ఉండాలి!”

“మూడు వారాలున్నాను. ఐరిస్‌కి నేనంటే పడదు, నాకు ఐరిస్ అంటే పడదు. రాత్రి బస్సెక్కి వచ్చేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టేసి మరీ పంపింది ఐరిస్. సంతోషంతో ఏడ్చింది పాపం.”

“రెండేళ్ళనుంచి ఇక్కడే ఉన్నారా? ఒక్కరే?”

“ఒక్కదాన్నే!” ఆ మాటని బెల్లంముక్కలా చప్పరించింది ముసలావిడ. “నలభై ఒక్కేళ్ళు క్లారీ అరుపులు విన్నాను. ఆయన పోయాడు, ఇంక హాయిగా కూర్చుందామంటే ఊరంతా ఓదార్చడానికి వచ్చింది. పొద్దున నలుగురు, సాయంత్రం ఆరుగురు. నాకు ఏం కావాలో అడిగినవాడు ఒక్కడూ లేడు. నన్ను మూట కట్టి పంపించారు. తిరిగొచ్చాక చూస్తే, కరెంటు ఎవరూ తీయించనేలేదు, గేటుకి ఆయన ఎప్పుడో లాగిన తీగ అలాగే ఉంది. కంచె పెట్టె ప్లగ్గు పెట్టాను, అంతే. ఒక్కడూ రాలేదు. ఆయన బతికుండగా నాకు చేసిన ఉపకారం ఒక్కటి గుర్తులేదు గానీ, పోయాక మాత్రం కాపలా బాగా కాశాడు.”

“థెల్మా గారూ, ప్లగ్గు తీసెయ్యాలి. ఇప్పుడే.”

ముసలావిడ మొహం మారిపోయింది. గోడకి అడ్డంగా వచ్చి నిలబడింది.

“తీస్తే మళ్ళీ వస్తారే. పాస్టరు వస్తాడు. డెస్ పెళ్ళాం వస్తుంది. మళ్ళీ నన్ను...” వీపు ప్లగ్గుకి ఆనించింది. “డెబ్భై రెండేళ్ళు నాకు. ఈ రెండే నావి.”

“నా ఆవులు నీళ్ళలో ఉన్నాయి. తూము కొట్టుకుపోయింది. గేటు కింద తీగ చిరిగి బురదంతా కొడుతోంది. ఆ దెబ్బకి అవి అడుగు వెయ్యడం లేదు. తొంభై రెండు. అన్నీ చూలువి.”

థెల్మా నోరు తెరిచింది. “ఆవుల్ని కొడుతోందా?”

“నేలంతా కొడుతోంది.”

“నాకు తెలీదే... మనుషుల కోసం పెట్టాను గానీ ఆవుల కోసం కాదే...” తనే వెనక్కి తిరిగి ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

ఎర్రదీపం ఆరిపోయింది. టిక్కు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వాగు హోరు ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది.

ఇద్దరూ గుట్ట దిగి పరిగెత్తారు.

గేటు దగ్గర బురద ఇప్పుడు వట్టి బురదే. నోలీన్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ ఆన్చి చూసింది. ఏమీ లేదు. “నడువు డచెస్! అయిపోయింది! నడు!”

డచెస్ నడవలేదు.

ఒకసారి కొట్టిన చోటుని ఆవు అంత తేలిగ్గా మర్చిపోదు. కరెంటు ఆగిందని దానికెవరు చెప్తారు? మంద అంచున ఒక తొలిచూలు పెయ్య కాళ్ళు తేలిపోయాయి. బురదనీళ్ళలో దాని తల ఒక్కసారి పైకి వచ్చి, మళ్ళీ కనబడలేదు. నోలీన్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

“పక్కకి జరుగు,” అంది థెల్మా.

రబ్బరు బూట్లు రెండూ విప్పి గట్టు మీదకి విసిరేసింది. జులై చలి, మంచులాంటి బురద... అందులో వట్టి కాళ్ళతో దిగింది. గేటుకి సరిగ్గా నడిమధ్య, తీగ పాతిన చోట, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది.

“హోయ్... రావే డచెస్... రా రా రా... నేనేనే తల్లీ...”

ఆ గొంతు అరుపు కాదు, పాటా కాదు. తెల్లవారుజామున నాలుగింటికి, పాల షెడ్డు తలుపు తీసి, నలభై ఏళ్ళపాటు ప్రతిరోజూ పిలిచిన పిలుపు.

డచెస్ చెవులు నిక్కాయి. మెడ చాచింది. థెల్మా పాదాల్ని వాసన చూసింది — ముందు ఒకటి, తర్వాత రెండోది. వెచ్చగా ఊపిరి వదిలింది.

ఒక గిట్ట పెట్టింది. ఆగింది. ఇంకోటి పెట్టింది.

అంతే. దాని వెనక క్లారీ మందలోని పాత ఆవులన్నీ, వాటి వెనక మిగతావి. అరుపుల్లేవు, తోపుల్లేవు. ముసలావిడకి అటూ ఇటూ చీలి, ఒక్కొక్కటే వాననీటిలా పారుకుంటూ వెళ్ళిపోతున్నాయి. ఆవిడ వాటిని ముట్టుకుంటూ పేర్లు చెప్తోంది. నోలీన్ వెనకనించి మిగిలినవాటిని తోస్తోంది.

సరిగ్గా అప్పుడే డెస్ ట్రాక్టరేసుకుని వచ్చాడు.

పాపం, సాయానికే వచ్చాడు. మలుపు తిరిగాడు. ట్రాక్టరు దీపాల వెలుగు నేరుగా గేటు మీద పడింది. క్లారీ గేటు... అందులో తెల్లగౌను. విరబోసిన జుట్టు. వట్టి కాళ్ళు. రెండు చేతులూ చాచిన ఆడమనిషి. చుట్టూ చప్పుడు లేకుండా నడిచే ఆవులు. దీపాల వైపు తల తిప్పి చూసి —

“ఆ లైటు ఆపరా డెస్!” అంది.

డెస్ లైటు ఆపలేదు. ముందుకి రాలేదు. ఆ ట్రాక్టరుని వెనక గేరులో మైలున్నర నడిపాడు, ఒక్క గుంటలో పడకుండా. మామూలుగా వాడికి ముందు గేరులోనే దారి తిన్నగా రాదు.

తెల్లారేసరికి తొంభై ఒక్కటి మెరక మీద ఉన్నాయి. కొట్టుకుపోయిన పెయ్య మూడోరోజు దొరికింది — రెండు మైళ్ళ దిగువన, ఎవరిదో క్యాబేజీ తోటలో, సగం తోట తినేసి పడుకుని ఉంది.

థెల్మా వంటింట్లో పొయ్యి దగ్గర ఇద్దరూ టీ తాగారు. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ముసలావిడ కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తోంది.

“వాడు చెప్పేస్తాడు,” అంది. “మధ్యాహ్నానికల్లా పాస్టరు వస్తాడు.”

“రాడు,” అంది నోలీన్. “డెస్ ఏం చూశాడో మీకింకా అర్థం కాలేదు.”

డెస్ చెప్పాడు. పబ్బులో చెప్పాడు, పాల సొసైటీలో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు. “క్లారీ ఒక్కడే కాదు, ఇప్పుడు పెళ్ళాం కూడా వచ్చేసింది. కళ్ళారా చూశాను, నన్ను పేరు పెట్టి పిలిచింది.”

“పెళ్ళాం ఎలా వస్తుంది? ఆవిడ టౌరంగాలో ఉందిగా?” అన్నారు ఎవరో.

“ఉంటే దెయ్యమెలా అవుతుంది?” అన్నాడు డెస్.

నిజమే కదా అనిపించింది అందరికీ. పాస్టరు గారు టౌరంగాకి ఫోను చేశారు. ఐరిస్ తీసింది.

“అమ్మా, మీ అక్కగారు...” అని ఆయన నసుగుతుంటే, ఐరిస్ కంగారు పడింది. రహస్యం బయటపడిందేమో అనుకుంది. అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు.

“వెళ్ళిపోయిందండీ,” అంది నెమ్మదిగా. “చాలా రోజులైంది. ప్రశాంతంగానే వెళ్ళిపోయింది.”

“మీకు కష్టంగా ఉంటుంది పాపం.”

“లేదండీ,” అంది ఐరిస్, మనసులో మాట. “హాయిగానే ఉంది.”

ఆ వచ్చే ఆదివారమే హాల్లో థెల్మా ట్విస్ సంస్మరణ ప్రార్థన. ఊరంతా వచ్చింది. నోలీన్ వెనక వరసలో కూర్చుని, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోతుంటే, పక్కనున్నవాళ్ళు పాపం ఎంత ప్రేమో అనుకుని వీపు నిమిరారు. ఆఖర్న బల్ల మీద మిగిలిపోయిన స్పాంజి కేకు సగం, ఎవరూ చూడకుండా కోటు కింద పెట్టుకుని వచ్చేసింది.

చీకటి పడ్డాక క్లారీ గేటు దగ్గరికొచ్చింది. గేటు కింద పాత తీగ తనూ థెల్మా కలిసి తవ్వి పారేశారు అప్పటికే. పెట్టె ప్లగ్గు కూడా తీసే ఉంది. ఇంక ఆ గేటుకి కరెంటు అక్కర్లేదు. గుట్టెక్కి, బూట్లు విప్పి, లోపలికెళ్ళింది.

థెల్మా కేకు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“డెస్ పెళ్ళాం ఎయిల్సా చేసిందా? గుడ్లు తక్కువేసింది. నా చావుకి కూడా పిసినారితనమే.” ఇంకో ముద్ద తింది. “సరే, ఎవరెవరు ఏడ్చారు?”

“డెస్ ఏడ్చాడు.”

“వాడు కంగారుకి ఏడుస్తాడు. పాస్టరు ఏమన్నాడు?”

“ఓర్పుకి మారుపేరన్నాడు మిమ్మల్ని.”

“ఊఁ. ఇంకా?”

“ఇప్పుడు పరలోకంలో... క్లారీ గారి పక్కన... ఎడబాయకుండా... ఎప్పటికీ...”

థెల్మా చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

“చచ్చాక కూడా ఆయన పక్కనేనా?”

“అలాగే అన్నాడు.”

ముసలావిడ పళ్ళెం ముందుకి తోసింది.

“అయితే ఇప్పట్లో పోను. ఇంకో ముక్క పెట్టు.”

అన్నట్టే, ఇంకో పంతొమ్మిదేళ్ళు పోలేదు.